అల్లం డ్రెస్సింగ్‌లో ఖర్జూరం పాకం

మావారు అబద్ధం చెప్పే మనిషి కాదు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ సంగతి నాకు తెలియక కాదు. అయినా కొన్నాళ్లపాటు ఆయన్ని దొంగలా చూశాను. అలా చూసేలా చేసిన ఆ సీసా మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

ఆయనకు విజయవాడలో చేనేత చీరల కొట్టు. షుగరు బయటపడ్డాక డైటీషియన్ అన్నం తగ్గించి, రెండు పూటలా సలాడ్ తినమంది. పచ్చి క్యాబేజీ, కీరా ముక్కలు ఆయనకు గొంతు దిగేవి కావు. "జింజర్ డ్రెస్సింగ్ కలుపుకోండి అంకుల్, షుగర్ లేనిది వస్తోంది" అని ఆ అమ్మాయే ఒక సీసా పేరు చెప్పింది. సూపర్ మార్కెట్లో, షుగరున్నవాళ్ల కోసం పెట్టిన అరలోనే దొరికింది. ముందువైపు పెద్ద అక్షరాల్లో 'నో యాడెడ్ షుగర్', 'లో కార్బ్' అని ఉంది. ఆయన చెంచాలకు చెంచాలు వేసుకుని, మారు మాట్లాడకుండా తినేవారు.

నెల తిరిగేసరికి షుగరు తగ్గకపోగా పెరిగింది.

"ఇంట్లో తెలీకుండా స్వీట్లు లాగిస్తున్నారు కదూ అంకుల్?" అంది డైటీషియన్, బయట కూర్చున్నవాళ్లు కూడా తిరిగి చూసేలా.

"లేదమ్మా. నువ్వు చెప్పిందే తింటున్నాను" అంటూ ఆయన నావైపు చూశారు. ఆయన తరఫున నేను ఒక్క మాట మాట్లాడలేదు. పైగా మర్నాటి నుంచి చొక్కా జేబులు వెతికాను. కొట్టు పక్కనున్న మిఠాయి దుకాణానికి వెళ్లి, "మావారు ఇక్కడికి వస్తుంటారాండీ?" అని అడిగాను కూడా. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఒక మధ్యాహ్నం కీరా ముక్కలు మిగిలితే ఆ డ్రెస్సింగే వేసుకుని నోట్లో పెట్టుకున్నాను. అల్లం ఘాటు వెనకే చిక్కటి తీపి తగిలింది. ఉయ్యూరులో చెరకు తోటల మధ్య పెరిగినదాన్ని, పాకం నాలుకకు తగిలితే నాకు తెలియదా? కళ్లజోడు పెట్టుకుని సీసా వెనకనున్న చీమ తలకాయంత అక్షరాలు చదివాను. ఎక్కువ వేసిన సరుకు పేరే ముందు రాస్తారు; నీళ్ల తర్వాత రెండో పేరే ఖర్జూరం పాకం. అల్లం ఎక్కడో అడుగున ఉంది.

సీసా పట్టుకుని అప్పటికప్పుడే సూపర్ మార్కెట్‌కి వెళ్లాను.

"పంచదార వేయలేదు కదండీ మేడమ్. డేట్ సిరప్ అంటే నేచురల్" అన్నాడు మేనేజర్ నవ్వుతూ.

"మీ ఇంట్లో షుగరున్నవాళ్లకి ఇదే పోసి పెడతారా మీరు?"

"కంపెనీకి మెయిల్ పెట్టండి మేడమ్. మేం అమ్మేవాళ్లమే."

ఒళ్లు మండిపోయింది. అరలో ఉన్న సీసాలన్నీ రెండు విడతలుగా మోసుకెళ్లి, తేనె, జామ్ పక్కన పెట్టాను. "ఏం చేస్తున్నారండీ?" అంటూ వెనకే వచ్చాడు. "వీటి చోటు ఇదండీ" అన్నాను. నేను గుమ్మం దాటగానే మళ్లీ పాత అరలోనే పెట్టించి ఉంటాడు. పెట్టించనీ.

ఇంటికొచ్చి అల్లం చెక్కు గీసి, తురిమి, రసం పిండాను. అందులో నిమ్మరసం, నువ్వుల నూనె, ఉప్పు, మిరియాల పొడి, చెంచాడు వేయించిన నువ్వుల పొడి వేసి, సీసాలో పోసి, మూత బిగించి గిలకొట్టాను. పది నిమిషాల పని. ఈ మాత్రం దానికి ఎవడి సీసానో నమ్మి, ఇంట్లో మనిషిని నమ్మలేదు నేను.

మొదటిసారి అల్లం ఎక్కువై ఆయనకు పొలమారింది. "బాగానే ఉంది గానీ కాస్త ఘాటు తగ్గించు" అన్నారు కళ్లు తుడుచుకుంటూ.

"మిమ్మల్ని అనుమానించానండీ. జేబులు కూడా వెతికాను."

"తెలుసు. మిఠాయి కొట్టాయన చెప్పాడు" అన్నారు. అంతే. నాలుగు తిట్టినా బాగుండేది.

తర్వాతి నెల షుగరు దిగింది. "చూశారా అంకుల్, స్వీట్లు మానేస్తే ఎంత తగ్గిందో!" అంది డైటీషియన్. ఆయన ఊరుకున్నారు గానీ నేను ఊరుకోలేదు.

"ఆయన అప్పుడూ తినలేదమ్మా. నువ్వు కొనమన్న సీసాలోనే ఉంది తీపి. వెనకవైపు ఏం రాశారో చదవకుండా జనానికి ఎలా చెబుతావు? ముందు ఆయనకి సారీ చెప్పు."

ఆ అమ్మాయి ఫోన్‌లో ఆ సీసా వివరాలు వెతికి చదివింది. ఆయనవైపు తిరిగి చిన్న గొంతుతో సారీ చెప్పి, ఇంకెవరికీ ఆ సీసా కొనమనని మాట ఇచ్చింది.