నాలుగో గుంతలో బయటపడ్డ బూడిద

కొత్తపేట వెనకాల పాత గ్రౌండు మూలన ఒక రేకుల గది ఉండేది. అదే మా ఇల్లు. గ్రౌండు సరూర్‌నగర్ పాత ఆసాములది. మేము నల్గొండ వైపు నుంచి వచ్చిన కొత్తలో వాళ్లే మా ఆయనను కావలికి పెట్టుకున్నారు. పొద్దున్నే కబడ్డీ కోర్టుకు నీళ్లు చల్లి సున్నం గీతలు వేయడం, చీకటి పడ్డాక గేటుకు తాళం వేయడం ఆయన పని. గదికి కిరాయి లేదు.

ఏళ్లు గడిచేసరికి ఆడేవాళ్లు తగ్గిపోయారు. ఆసాములు అక్కడ ఫ్లాట్లు కడతామన్నారు, గది ఖాళీ చేయమని మాకు చెప్పేశారు కూడా. అంతలో పక్క ప్లాటులో సెల్లారు తవ్వుతుంటే మూరెడు పొడుగు పాత ఇటుకలు బయటపడ్డాయి. గ్రౌండు కింద కూడా పాతకాలపు ఊరేదైనా ఉందేమో చూసేదాకా పునాది తీయొద్దని పురావస్తు శాఖ నుంచి మాట వచ్చింది. చూడటానికి ఒక సారు, ఇద్దరు కూలీలు వచ్చారు. ఏమన్నా దొరికితే కట్టడం ఆగుతుంది, మా గది మిగులుతుంది. దొరక్కపోతే నెలలోపల మూటలు కట్టుకోవాలి.

సారు గ్రౌండంతా దారాలు కట్టించి నాలుగు చోట్ల మంచమంత గుంతలు తీయించాడు. గడ్డపార తాకనివ్వలేదు. తాపీతో గుంత గోడలు గీకి, మట్టి రంగు మారిన చోటల్లా చీటీ గుచ్చేవాడు. కోస్తా మనిషి. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులాయె, ఆయన యాస విని కాలనీవాళ్లు మొహం తిప్పుకున్నారు. నేను మాత్రం రెండు పూటలా చాయ్ పోస్తూనే ఉన్నాను. మా బతుకు ఆయన పెన్ను కొన మీద ఉంది మరి.

మూడు గుంతల్లో ఏమీ లేదు. నాలుగో దాంట్లో మోకాలి లోతున నల్లటి చార తేలింది. బూడిద, బొగ్గు, కాలి ఎర్రబడ్డ మట్టి, కుండ పెంకులు.

పక్కింట్లో ఉండే రిటైరైన బస్సు కండక్టరు గుంత మీదికి వంగాడు.

"సారూ, గిది కాకతీయులదే. రాసుకోండ్రి. సాక్షి సంతకం నేను పెడ్త."

"మీరు కాకతీయుల్ని చూశారాండీ?" అన్నాడు సారు.

"వాళ్లను జూడకున్నా పొయ్యి జూస్తే తెల్వదా? ఎంత పొడుగున్నదో జూడు! రాజులు తిన్న పొయ్యి."

అందరూ నవ్వారు. నేను ఖాళీ చాయ్ గ్లాసులు ఏరుకున్నాను. ఆ పొయ్యి ముట్టించింది నేనే.

రెండేళ్ల కింద ఎల్బీనగర్ రోడ్డు మీద వంటావార్పు పెట్టుకున్నాం. రోడ్డుకు అడ్డంగా వండి, అక్కడే తిని, బండ్లు ఆపడం. పోలీసులు పొయ్యి రాళ్లు తన్నేసి మగవాళ్లను వ్యానెక్కించారు. కండక్టరు కూడా ఆ వ్యానులోనే పోయాడు. ఆడవాళ్లం బియ్యం, పప్పు ఎత్తుకుని మా గ్రౌండులోకి వచ్చాం. కావలి వదిలి రోడ్డు మీదికి రాని మా ఆయన పెళ్లిళ్లకు తీసినట్టు పొడుగ్గా గాడిపొయ్యి తవ్వాడు. అన్నం ఉడుకుతుండగానే లాఠీలు గేటు దాటాయి. అన్నం దేగిశా దించబోయిన ఒకామె చెయ్యి విరిగింది. నీళ్ల కుండలు పగిలాయి. అందరూ పోయాక మా ఆయన నిప్పులు, పెంకులు గాడిలోకే తోసి, మట్టి కప్పి, పైన రోలరు తిప్పాడు.

గుంతలో బూడిద తేలిన ఆ మధ్యాహ్నం మా ఆయన నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేశాడు.

"నోరు మెదపకు. మనమేమన్న అబద్ధం చెప్తున్నమా? సారే అనుకుంటుండు."

నేను తలూపాను.

మరునాడు సారు బొగ్గును పొట్లం కట్టాడు. పరీక్షకు పంపాలన్నాడు, ఫలితం వచ్చేదాకా పని ఆపిస్తానన్నాడు. మా ఆయన మొహం వెలిగింది. నేను చాయ్ అందిస్తుంటే సారు పుస్తకం తెరిచాడు.

"మీరు ఇక్కడ చాలా ఏళ్లుగా ఉంటున్నారు కదమ్మా. ఇక్కడ ఎవరైనా ఎప్పుడైనా పొయ్యి పెట్టారా? ఊళ్లో వాళ్లని అడిగి రాసుకోవాలి మేము."

మా ఆయన సున్నం బకెట్టుతో అక్కడే నిలబడి నా కళ్లలోకే చూస్తున్నాడు. అడగకపోతే చెప్పేదాన్ని కాదేమో. అడిగాడు. చెయ్యి విరిగినామె కళ్లముందు కదిలింది. మేము దెబ్బలు తిన్న పొయ్యిని ఏ రాజుకో రాసివ్వడానికి నోరు రాలేదు.

"పెట్టినం సారూ. నేనే ముట్టించిన."

సారు నమ్మలేదు. "ఏదైనా గుర్తు చెప్పగలరా?"

"గా తూర్పు కొసకు రాయి తక్కువైంది. సిమెంటు ఇటుక పెట్టినం."

కూలీలు అటువైపు గీకారు. ఎండ నడినెత్తికి రాకముందే ఇటుక బయటపడింది, ఒక పక్క నల్లగా కాలి. సారు పొట్లం విప్పి బొగ్గును గుంతలోకే వంపాడు. ఆ నల్ల చార కింద ఇంకా తవ్వించాడు. మనిషి చెయ్యి తగలని గట్టి మొరం దాకా పోయారు. ఏమీ లేదు. పోతూ పోతూ మా గది వైపు చూసి, "మీరుండేది ఇందులోనేనామ్మా?" అన్నాడు. అవునన్నాను. ఆయన పుస్తకం మూసేశాడు.

"కాకతీయులను ఒక్క ఇటుకతోని కూలగొడ్తివి గదా వదినా!" అన్నాడు కండక్టరు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మా ఆయన నాతో మాట్లాడలేదు. వడ్డిస్తే తినేవాడు, అంతే. నెల తిరగకుండానే వనస్థలిపురంలో ఒక గది కిరాయికి దొరికింది. సామానంతా ఒక్క ట్రాలీ ఆటోకు సరిపోయింది. వెనకాల మూటల మధ్య కూర్చున్నాం. ఎల్బీనగర్ చౌరస్తా దాటాక ఆయన నోరు విప్పాడు.

"నేనైతే చెప్పకపోయేటోన్ని."

"ఎరుకే," అన్నాను.

ఆటో గుంతలో పడి ఎగిరింది. బియ్యం డబ్బా పడిపోకుండా చెరో పక్క పట్టుకున్నాం.