చీటీల ఆట

మా వీధివాళ్లం ఏటా కార్తీకమాసంలో ఒక ఆదివారం రెడ్డిగూడెం దగ్గర కొండ కిందున్న మామిడితోటకు వనభోజనాలకు వెళ్తాం. మగవాళ్లు ఒక చెట్టు కింద పేకాటకు కూర్చుంటారు. ఆడవాళ్ల చేత ఆటలు ఆడించేది నేనే. చాలా ఏళ్లపాటు పాట పాడిందీ నేనే.

రెండేళ్ల క్రితం మా పక్కింట్లోకి పత్తి వ్యాపారం చేసే ఒకాయన భార్యతో అద్దెకు వచ్చాడు. ఆమెది మంచి గొంతు. నెల తిరక్కుండానే ఎవరింట్లో పూజ జరిగినా ఆమెనే పాడమనసాగారు. ఒకరోజు నేను పాట ఎత్తుకోబోతుంటే ఒక పెద్దావిడ, "నువ్వుండమ్మా, ఆ అమ్మాయిని పాడనీ" అంది. ఆ మాట చాలాకాలం గుచ్చుకుంది.

మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. వీధిలో అందరినీ "అండీ" అని పలకరించే ఆ మనిషి ఇంట్లో భార్యను ఏమని పిలుస్తాడో నాకు రోజూ వినిపించేది.

ఆ ఏడు తోటలో చీటీల ఆట పెట్టాను. డబ్బాలోంచి ఒక చీటీ తీసి, అందులో ఏముంటే అది చేసి చూపించాలి. "మీ ఆయన మిమ్మల్ని ఇంట్లో ఎలా పిలుస్తారో ఆయన గొంతుతోనే చేసి చూపించండి" అని ఒక చీటీ రాసి వేళ్ల మధ్య దాచుకున్నాను. పక్కింటామె వంతు రాగానే దాన్ని అన్నిటికన్నా పైన వేశాను.

ఆమె చదువుకుని నావైపు చూసింది.

"ఇది వద్దండీ. పాట పాడతాను."

"పాటలు రోజూ వింటున్నాంగా. ఆటంటే ఆటే" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆమె లేచి కొంగు దోపుకుంది. గొంతు బొంగురు చేసి, "ఏయ్ దరిద్రపు మొహమా! కాఫీ అడిగి ఎంతసేపయింది, చచ్చావా?" అని చెయ్యి ఎత్తింది. అచ్చం అతనే. మరుక్షణం రెండో చెయ్యి దానంతటదే లేచి ఆమె మొహాన్ని కప్పింది.

ఒక్క క్షణం ఎవరూ నవ్వలేదు. తర్వాత పడీ పడీ నవ్వారు.

"వన్స్ మోర్!" అని మొదట అరిచింది నేనే.

ఆమె మళ్లీ చేసింది. ఒకావిడ ఫోనులో వీడియో తీసింది. గోల విని పేకాట దగ్గరనుంచి లేచి వచ్చిన పక్కింటామె భర్త చివరిదాకా నిలబడి చూసి, "బాగానే చేశావే" అంటూ నవ్వుతూ చప్పట్లు కొట్టాడు.

ఇల్లు చేరేలోపే వీడియో వీధి వాట్సాప్ గ్రూపులో ఉంది. నేను నవ్వే బొమ్మ పెట్టాను.

మూడోరోజు, తోటలో మిగిలిన పులిహోర నేను పెట్టిచ్చిన గిన్నె తిరిగివ్వడానికి ఆమె వచ్చింది. ఎడమ చెంప వాచి ఉంది.

"ఆ చీటీ మీరే రాశారు కదండీ?"

"అందరం కలిసి రాశాం" అన్నాను.

"మా ఇంట్లో మాటలు మీకు వినపడతాయని తెలుసండీ. ఎప్పుడైనా వచ్చి తలుపు కొడతారేమో అనుకునేదాన్ని."

గిన్నె వైపు చూశాను.

"దీనికి మూత కూడా ఉండాలండీ" అన్నాను.

ఆమె వెళ్లి మూత తెచ్చిచ్చింది. ఆ నెలాఖరుకు వాళ్లు విస్సన్నపేటకు మారిపోయారు. ఇల్లు అద్దెకిచ్చే ముందు అక్కడి ఓనరు నాకు ఫోను చేసి వాళ్లెలాంటి వాళ్లని అడిగితే, ఆమె భర్త చాలా మర్యాదస్తుడని చెప్పాను.