తోక దిగని అమ్మమ్మ

మా తాతయ్య లేతు మిషను మీద పనిచేసి రిటైరైన మనిషి. కోపమొస్తే ఆయన చేతిలో ఏదుంటే అది గాల్లోకి లేస్తుంది. ఇంటి వెనక షెడ్డులో సొంతంగా కట్టుకున్న విమానం ఒక్కటే ఇంకా లేవలేదు.

మొదటిసారి మైదానంలో పరుగెత్తించినప్పుడు ముందు చక్రం పిచ్చిపట్టినట్టు అటూ ఇటూ కొట్టుకుంది. విమానమంతా దడదడలాడి, అద్దం పగిలి, తాతయ్య నుదురు చీరుకుపోయింది. కుట్లు మానకుండానే మళ్ళీ బయల్దేరాడు. ఈసారి రెట్టింపు వేగమట.

చక్రం పక్కకు తిరిగేచోట కింద ఒక నట్టు ఉంటుంది. అది వదులైతే చక్రం కొట్టుకుంటుంది. విమానం ముక్కు పైకి లేపి, ఇరుసుకు స్ప్రింగు కాటా తగిలించి పక్కకు లాగితే, పది కిలోల దాకా చక్రం కదలకూడదు. ముక్కు లేవాలంటే తోక మీద బరువు పడాలి. ఆ బరువు మా అమ్మమ్మ. ఇసుక బస్తాలు జారతాయి, ఈవిడ జారదని తాతయ్య ధీమా.

కాటా నాలుగు దగ్గరకు రాగానే చక్రం తిరిగిపోయింది. ఇంకా బిగిస్తే తిప్పడం కష్టమని, ఇది చాలని, తాతయ్య ఆమెను దిగమన్నాడు.

“బిగించండి, దిగుతాను” అంది అమ్మమ్మ.

అంతే. స్పానరు ఆమె చెవి పక్కనుంచి దూసుకుపోయి రేకు గోడకు సొట్ట పెట్టింది. నూనె డబ్బా తన్నాడు. తోక పట్టుకుని ఊపాడు. అమ్మమ్మ కాలు విసిరితే ఆయన నుదుటి కుట్లు తెగి, మొహమంతా నెత్తురు. తన చీర మీద పడిందని ఎదురు తిట్టింది కూడా.

“వదులుగా ఉందా? చూడవే మొండిదానా” అంటూ తాతయ్య చక్రాన్ని ఒక్క తన్ను తన్నాడు. అది గిర్రున పక్కకు తిరిగి, చివరున్న అడ్డుకమ్మికి కొట్టుకుని, అంతే జోరుగా వెనక్కొచ్చింది. ఇరుసు మొన ఆయన మోకాలి కింద దిగబడింది. ఎముక విరిగిన చప్పుడు వంటింట్లో ఉన్న మా అమ్మకు కూడా వినిపించింది. ఆవిడ వచ్చి చూసి, డాక్టరు కోసం పరుగెత్తింది.

తాతయ్య సరిగ్గా ముక్కు కిందే పడ్డాడు. అమ్మమ్మ దిగబోయి ఆగిపోయింది. దిగితే ఆ ముక్కు ఆయన గుండెల మీదికే. తోకను రెండు చేతులా వాటేసుకుని కదలకుండా కూర్చుంది.

కాసేపు మూలిగి, తాతయ్య చేతికందిన ఇంకో స్పానరుతో, పడుకున్నచోటినుంచే నట్టు బిగించాడు. కాటా లాగాడు.

“ఎంతొచ్చింది?”

“పది దాటిందిలేవే.”

“మీ మాట నేను నమ్మను. మళ్ళీ లాగండి.”

పళ్ళు బిగబట్టి లాగాడు. పన్నెండని గొణిగాడు.

“సరే, ఇటు పాకండి” అంది అమ్మమ్మ. “నేనింక ఆగలేను, దిగాలి.”