లచ్చవ్వ వాంగ్మూలంలో ఒక్క మాట

1987లో వేసవి సెలవులు ముగిసి కోర్టులు తెరిచిన వారమే నన్ను సోలాపూర్‌లో ఒక కోర్టుకు తెలుగు దుబాసీగా వేశారు. అంతకుముందు నకళ్ల విభాగంలో గుమాస్తాని. కొత్త ఉద్యోగంలో మొదటి ఏడాది ప్రొబేషను. మా నాన్నగారు రైల్వే బదిలీ మీద రాజమండ్రి నుంచి ఈ ఊరు వచ్చారు. అందువల్ల నాది బళ్లో మరాఠీ, ఇంట్లో గోదావరి తెలుగు.

కోర్టులో నడిచేది మరాఠీ. వకీలు అడిగింది తెలుగులో సాక్షికి, సాక్షి చెప్పింది మరాఠీలో జడ్జిగారికి చేరవెయ్యడం దుబాసీ పని. ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట మింగకూడదు. సాక్షి తడబడిందా, కళ్లు దించుకుందా అన్నది జడ్జిగారు స్వయంగా చూసి రాసుకుంటారు. దాన్ని సాక్షి నడవడి అంటారు. దుబాసీకి దానితో సంబంధం లేదు. ముద్దాయికి మరాఠీ రాకపోతే వెనక నిలబడి, జరుగుతున్నదంతా మెల్లగా తెలుగులో చెబుతూ ఉండాలి.

నాకేమో నవలల పిచ్చి, సినిమాల పిచ్చి. మొహం చూసి మనిషిని చెప్పేస్తానని నా మీద నాకు గట్టి నమ్మకం. కాంటీన్లో టీ తాగుతూ ఏ సాక్షి అబద్ధమాడాడో బల్లగుద్ది చెప్పేవాణ్ణి. తోటి గుమాస్తాలు వినేవారు కూడా.

ఆ వర్షాకాలంలో, తెలంగాణ నుంచి వలస వచ్చిన నేతవాళ్లుండే దాజీ పేట్ నుంచి ఒక కేసు వచ్చింది. మరమగ్గాల షెడ్డు పక్కనున్న నూలు గోదాము, మగ్గాలకు సెలవున్న రోజు మధ్యాహ్నం తగలబడింది. ఆ షెడ్డులో ఇరవై ఏళ్లుగా కండెలు చుట్టిన రాజమణి అనే ఆవిణ్ణి యజమాని అంతకు నాలుగు రోజుల ముందే పనిలోంచి తీసేశాడు. ఆమె వాకిట్లో నిలబడి అతన్ని తిట్టిందని పేటంతా విన్నారు. పోలీసులు ఆమె మీదే కేసు పెట్టారు. నేరం రుజువైతే ఏళ్ల తరబడి జైలు. ఇంట్లో ఆమె, ఆమె తల్లి, అంతే.

మొదటి రోజు షెడ్డు గుమాస్తా బోనెక్కి, కాలిపోయిన నూలు గురించి చెబుతూ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. రాజమణి చలించలేదు. ఎవరు మాట్లాడితే వాళ్ల మొహంలోకి రెప్ప వాల్చకుండా చూసింది. వకీలునీ అలాగే చూసింది, జడ్జిగారినీ అలాగే. అంత తెగువ ఉన్న మనిషి నిప్పు పెట్టడానికి వెనకాడదని నేను ఆ సాయంత్రమే తీర్మానించుకున్నాను. కాంటీన్లో చెప్పాను కూడా.

మూడో వాయిదాకు లచ్చవ్వ వచ్చింది. అరవై ఏళ్లుంటాయి. గోదాముకు ఎదురింటి అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టే మనిషి. మంట చూసి మొదట కేకవేసింది ఆమే కాబట్టి ప్రాసిక్యూషన్ వాళ్లే సాక్షిగా పిలిచారు. పొగ లేవకముందు అక్కడ ఎవరినైనా చూశావా అని ప్రాసిక్యూటరు అడిగారు. నేను తెలుగులో అడిగాను.

"సూసిన సారు. ఆడ మనిషి ఉండె," అంది లచ్చవ్వ.

అక్కడ ఒక ఆడమనిషి ఉందని నేను మరాఠీలో చెప్పాను. టైపిస్టు కొట్టేశాడు. ప్రాసిక్యూటరు చాలని కూర్చున్నారు. ముద్దాయి తరఫు వకీలు రెండు ప్రశ్నలు వేసి వదిలేశారు.

వాంగ్మూలం టైపయ్యాక, సాక్షికి అర్థమయ్యే భాషలో చదివి వినిపించి, ఆమె ఒప్పుకున్నాకే వేలిముద్ర తీసుకోవాలి. నేను చదువుతూ పోయాను. ఆ వాక్యం దగ్గరకు వచ్చేసరికి లచ్చవ్వ సిరా డబ్బా దగ్గర నుంచి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నేను గట్ల చెప్పలే."

ఏం చెప్పావని అడిగాను.

"ఆడ, గా గోదాము కాడ, మనిషి ఉండె అన్న. ఆడామె అయితే ఆడామె అంటగద సారు."

సాక్షి చేత ఎవరో మాట మార్పిస్తున్నారని ప్రాసిక్యూటరు అభ్యంతరం చెప్పారు. వాంగ్మూలం దిద్దవద్దనీ, సాక్షి ఒప్పుకోలేదని కింద ఒక గమనిక రాస్తే చాలనీ అన్నారు. చట్టం ప్రకారం అలా చెయ్యవచ్చు. అలా చేస్తే నా మాట కాగితం మీద ఉండిపోతుంది, లచ్చవ్వ మాట మార్చిన మనిషిగా మిగులుతుంది. బంట్రోతు ముద్ర వెయ్యమని తొందరపెట్టాడు. ఆమె చెయ్యి కొంగులో దాచుకుంది. "నా మాట నాకు రాసిచ్చెదాక ఎయ్య. పొద్దుగూకెదాక ఈడనే కూసుంట," అంది.

ఆడ అంటే అక్కడ అని నాకు తెలియనిది కాదు. ఆ పేటల్లో రోజూ వినే మాటే. రాజమణే నిప్పు పెట్టిందని ముందే తేల్చుకున్న నా చెవికి అది అలా వినబడింది. లేచి, తప్పు సాక్షిది కాదు, నాదని జడ్జిగారికి చెప్పాను. ఆ మాట నా చేత్తో రాసి సంతకం పెట్టమన్నారు. పెట్టాను.

జడ్జిగారు ఇరుపక్షాల వకీళ్లనూ విని, ఆ ఒక్క విషయం మీద సాక్షిని తిరిగి ప్రశ్నించడానికి అనుమతించారు. చూసింది ఆడా, మగా అని అడిగించారు.

"మొగోడు. పైజామ ఏసుకున్నడు. మొకం కనవడలే, నా దిక్కు ఈపు ఉండె."

పోలీసులకు ఎందుకు చెప్పలేదని ప్రాసిక్యూటరు నిలదీశారు.

"అడగలే. పొగ ఎప్పుడు సూసినవన్నరు, గంతే చెప్పిన."

ఈసారి చదివి వినిపిస్తే తలూపి ముద్ర వేసింది.

వరండాలో లచ్చవ్వను కలిసి క్షమించమన్నాను. ఆమె కోపంగా లేదు. "నా మాట ఇంటున్నవనుకున్న. నువ్వేమో రాజమణి మొకం సూసుకుంట నిలవడ్డవు," అంది. ఆవిడ అందరినీ అలా గుడ్లప్పగించి చూస్తుందేమని అడిగాను. "మగ్గాల సప్పుడుకు దాని చెవులు పోయినయి సారు. మాట్లాడెటోని నోరు సూసి తెల్సుకుంటది. నువ్వు ఎనకాల నిలవడి గుసగుస వెడితె దానికేం తెల్వాలె?"

మూడు వాయిదాలుగా నేను చెప్పినదేదీ ఆ మనిషికి చేరలేదన్న మాట. మర్నాడే జడ్జిగారికి అర్జీ పెట్టుకున్నాను. ముద్దాయికి ఎదురుగా నిలబడి గట్టిగా చెప్పడానికీ, అంతకుముందు సాక్షులు చెప్పినదంతా ఆమెకు మళ్లీ చదివి వినిపించడానికీ అనుమతి దొరికింది. అది రెండు పూటలు పట్టింది. గోదాము ఏ రోజు, ఏ వేళకు తగలబడిందో షెడ్డు గుమాస్తా చెప్పినది విని రాజమణి మొదటిసారి నోరు తెరిచింది. "గా పొద్దు నేను మా అవ్వను తీస్కొని దవాఖానకు పోయిన. నన్నెవరు అడిగిన్రు?" అని, తల్లిని ఏ దవాఖానకు తీసుకెళ్లిందో చెప్పింది. ఆమె వకీలు ఆ మధ్యాహ్నం అక్కడ రాసిచ్చిన చీటీ తెప్పించారు.

నేరం రుజువు కాలేదని రాజమణిని వదిలేశారు. గోదాము ఎవరు తగలబెట్టారో చివరికీ తేలలేదు. నా ప్రొబేషను ఆరు నెలలు పొడిగించారు. అది న్యాయమే.

నవలలో రచయిత మనిషి లోపలికి తీసుకుపోయి చూపిస్తాడు. సినిమాలో ఆ మొహం అలా ఎందుకుందో తరువాతి సీను చెబుతుంది. బోనులో నిలబడ్డ మనిషి సంగతి అడిగితేనే తెలుస్తుంది. ఆ తరువాత అనుమానం వచ్చిన ప్రతి మాటనూ జడ్జిగారి అనుమతితో సాక్షిని రెండోసారి అడిగాను. కొందరు వకీళ్లు విసుక్కున్నారు, నేను మానలేదు. కాంటీన్లో తీర్పులు చెప్పడం మానేశాను. రిటైరయ్యేదాకా సాక్షి ఏమన్నదనే నన్ను అడిగారు. ఎలాంటి మనిషని ఏ జడ్జీ అడగలేదు.