రమణమ్మక్క కట్టేసిన కాలువ

వేడెక్కిన మట్టి మీద ఎవరో కుంకుడు నురగ నీళ్ళు పారబోస్తే లేచే చేదు వాసన ఈ ఉదయం ముక్కుకు తగిలింది. చేతిలో కాఫీ చల్లారిపోయింది. అది ఎలాగూ తాగేలా లేదు గాని, బిట్రగుంట రైల్వే కాలనీలో నా పక్కింటి రమణమ్మక్క గుర్తొచ్చింది.

పంతొమ్మిది వందల అరవై దాటిన కొత్త. రైల్వేలో గుమాస్తాగా చేరి, పెళ్ళీ పెటాకులూ లేకుండా ఒక గదిలో ఉండేవాణ్ణి. పంపు పొద్దున కాసేపే వచ్చేది. మా రెండిళ్ళ స్నానపు నీళ్ళూ ఒకే కాలువలో కలిసి అక్క పెరట్లోకి పారేవి. ముందు అరటిచెట్లు, అవతల కొత్తిమీర మడి. చాకలిసోడా కలిసిన నీళ్ళను మాత్రం ఆకు మాడిపోతుందని అటు పోనిచ్చేది కాదు. తెల్లవారితే గోడవతల నుంచి కేక.

“ఏమబ్బయా, ఇంకా స్నానం చెయ్యలేదా? అరటిచెట్టు కాచుకోనుండాది!”

“ఆదివారమక్కా. చెట్టుక్కూడా సెలవే.”

“నీకు సెలవైతే నీ మురికికీ సెలవా? లెయ్!”

పరాయి ఊళ్ళో ఇంత ఆప్యాయత దొరికిందని మురిసిపోయాను. అది నా మీద కాదు, నా చెంబు నీళ్ళ మీద అని తర్వాత తెలిసింది. ఆ కొత్తిమీర పచ్చడి తిన్నాక మనసు సమాధానపడింది. కాలనీ పిల్లలైతే పచ్చడి దాకా ఆగేవాళ్ళు కాదు, ఆకు తుంచి కడక్కుండానే నమిలేవాళ్ళు.

ఆ ఎండాకాలం ఆమె భర్త కోటయ్యన్న జ్వరంతో మంచమెక్కాడు. ఇంజన్లో బొగ్గు వేసే మనిషి. డాక్టరు టైఫాయిడ్ అన్న సాయంత్రమే అక్క తడిమట్టి తెచ్చి కాలువకు అడ్డం కట్టేసింది. దూరంగా గుంట తవ్వి నీళ్ళన్నీ అందులో పోయడం మొదలుపెట్టింది.

“నా నీళ్ళన్నా వదులక్కా. గుండ్రాయిలా ఉన్నాను గదా,” అన్నాను.

“ఆయన్ని లేపి కూర్చోబెట్టేది నువ్వే గదా. నీకు అంటుకోలేదని ఎవరు చెప్పినారు? ముందు పారిన నీళ్ళకే నా గుండె అదురుతుండాది. ఆ ఆకు నమిలేది పిల్లకాయలబ్బయా.”

మర్నాటి నుంచి నా నీళ్ళూ ఆ గుంటకే మోశాను. చూస్తుండగానే మడి ఎండింది. అరటాకులు చింకి గొడుగుల్లా వేలాడాయి. లోపల కోటయ్యన్న రోజూ ఒకటే అడిగేవాడు.

“మడి ఎట్టుండాది?”

“పచ్చంగా ఉండాది. లేసినాక చూద్దువుగాని,” అనేది అక్క, పెరటి వాకిలికి అడ్డంగా నిలబడి.

ఒకనాడు కొత్తిమీర వాసన చూడాలన్నాడు. సంతలో కట్ట కొనుక్కొచ్చి చేతికిచ్చాను. గట్టిగా పీల్చాడు.

“మనదేనా?”

“మనదే అన్నా. నా స్నానం వాసన రావడంలా?”

నవ్వాడు. నేను వేసిన జోకుల్లో తప్పకుండా పేలి తీరాల్సింది అదొక్కటే. మర్నాటికి ఆయన లేడు.

కాలనీ పిల్లలెవరికీ జ్వరం రాలేదు. కాలువ కట్టినందుకో, అదృష్టానికో చెప్పేవాళ్ళు లేరు. రాని జ్వరానికి ఎవరూ దండ వెయ్యరు. క్వార్టరు ఖాళీ చేసి పుట్టింటికి వాకాడు బయల్దేరిన రోజు, అక్క ఏడవలేదు. ఎండిన మడి చూపించింది.

“కొత్తగా వచ్చేవాళ్ళకు చెప్పు. ఈ మట్టిలో ఈ ఏడు ఆకుకూర వెయ్యొద్దను. మరిచిపోబాకబ్బయా.”

చెప్పాను. ఇప్పుడు ఏ ఊళ్ళో ఇల్లు అద్దెకు చూసినా, స్నానాలగది నీళ్ళు ఎటు పోతున్నాయో వాటి వెంటపడి, గోడ దాటి, చివరిదాకా వెళ్ళి చూస్తాను. ఇంటివాళ్ళు నన్ను మునిసిపాలిటీ మనిషనుకుంటారు. ఎందుకయ్యా అంటే ఏదో హాస్యమాడి తప్పించుకుంటాను. ఆ చివర ఎవరి పిల్లలైనా ఆడుకుంటుంటే మాత్రం, ముందు వాళ్ళను ఇవతలికి పిలుస్తాను.