భాయ్ కొలత కుర్తా

అందరూ బాగున్నారా? మోకాళ్ల నొప్పులవాళ్లు మెట్లు ఎక్కగలుగుతున్నారా? షుగర్ ఉన్నవాళ్లు వేళకు ఇంత తింటున్నారా? పసిపిల్లల తల్లులకు కాస్తన్నా నిద్ర ఉంటోందా? అందరినీ అడిగితే తప్ప నాకు అన్నం గొంతు దిగదు. ఎందుకంటే ఒకరిని అడగలేకపోయాను. మా గల్లీలో కంప్యూటర్లు బాగుచేసే భాయ్ పోయిన నెల, నమాజుకు కూర్చున్నచోటే పోయారు. ముందురోజు సాయంత్రం మా గుమ్మం ముందు నుంచే నడిచి వెళ్లారు. నేను సూదిలో దారం ఎక్కిస్తున్నాను. తలెత్తలేదు.

కరీంనగర్‌లో మీలో చాలామంది ఆయనతో రేడియోలు, తర్వాత టీవీలు, ఆ తర్వాత కంప్యూటర్లు బాగుచేయించుకున్నవాళ్లే. నేను నలభై ఏళ్లుగా ఆయన ఎదురింట్లో జాకెట్లు కుడుతున్నాను. చదివింది అయిదో తరగతి. ఆయన నన్ను ఆపా, అంటే అక్కా, అనేవారు.

జాకెట్ చేతుల మీది పూలు నేనే పెన్సిల్‌తో గీసేదాన్ని. పుట్టింది జైనూర్ అడవుల వైపు కాబట్టి నా చేతికి మోదుగుపూలే ఎక్కువ వచ్చేవి. ఆ కాగితాలన్నీ కోడలు కంప్యూటర్‌లోకి ఎక్కించింది. తర్వాత కాగితాలను చెదలు తిన్నాయి. ఇక నా పూలన్నీ ఆ ఇనుప పెట్టెలోనే. అదేమో ఏటికేడు నెమ్మదించింది. మీట నొక్కి, చాయ్ పెట్టుకొని, తాగి, గ్లాసు కడిగి వచ్చినా తెర మీద చుక్కలు గిరగిరా తిరుగుతూనే ఉండేవి. లోపల గరగర. ఆ చప్పుడు వింటే నా ఛాతీలోనే ఏదో అరిగిపోతున్నట్టు ఉండేది.

ఎస్‌ఎస్‌డి అనే కొత్తరకం డిస్కు వేస్తే పరుగెత్తుతుందని కోడలు ఫోన్‌లో చూసి తెప్పించింది. రెండు వేళ్ల వెడల్పు పలుచని పట్టీ. బోర్డు మీది సందులో సరిగ్గా కూర్చుంది, స్క్రూ కూడా బిగిసింది. కానీ కంప్యూటర్‌కు అది కనిపించనే లేదు. భాయ్‌ని పిలిచాం.

ఆయన పెట్టెను పక్కకు పడుకోబెట్టి టార్చి వేశారు. బోర్డు మీది సన్నని అక్షరాలను ఫోటో తీసి, పెద్దవి చేసి చదివారు.

"ఆపా, కొలత జాకెట్ లేకుండ నువ్వు గుడ్డ మీద కత్తెర పెడ్తవా?"

"పెట్ట."

"మరి నీ కోడలు బోర్డు పేరు చదవకుండ గిది ఎట్ల కొన్నది?"

కోడలు ఊరుకోలేదు. "సందు కొలిసిన భాయ్. సరిగ్గ పట్టింది గద!"

"పట్టింది బేటీ. గాని గీ పట్టీ ఉర్దూల మాట్లాడుతది, నీ బోర్డుకు తెలుగొక్కటే వస్తది. సందు కుదిరితే సరిపోదు, మాట గూడ కలవాలె."

నాకు పరేషాన్ మొదలైంది. "జర లూజు చెయ్యరాదు భాయ్? అటో ఇటో ఒక కుట్టు ఇప్పి?"

భాయ్ నవ్వీ నవ్వీ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "దీనికి లోపల మడత గుడ్డ ఉండది ఆపా. ఇప్పేటందుకు కుట్టే లేదు."

ఆ పట్టీని వాపసు పంపి, తీగతో తగిలించే చదును రకం తెమ్మన్నారు. పాత డిస్కుకు ఉన్నటువంటి తీగే దానికీ పడుతుందని, బోర్డు మీద ఇంకో చోటు ఖాళీగా ఉందని కోడలికి వేలు పెట్టి చూపించారు. పాతదానికంటే పెద్దదే తీసుకొమ్మన్నారు. "ఎదిగే పిల్లకు బిగుతు కుట్టవు గద ఆపా?"

కొత్తది వచ్చిన మధ్యాహ్నం వాన. పాతదాంట్లోవి దాంట్లోకి ఎక్కుతున్నంతసేపు నేను మిషన్ తొక్కలేదు, ఆ అదురుకు నా పూలు రాలిపోతాయేమోనని.

"భాయ్, పోతయా?"

"పోవు ఆపా."

"కరెంటు పోతే?"

"బ్యాటరీ తెచ్చిన."

"బ్యాటరీ గూడ పోతే?"

"పాతది పాతలెక్కనే ఉంటది. నకలు తీస్తున్నం, ఊడబీకుతలేం. నువ్వు ఫికర్ చెయ్యి, నేను పని జేస్త."

ఆ తర్వాత పొద్దు ఎటు జరిగిందో తెలియదు. వాన చప్పుడులో డిస్కు గరగర కలిసిపోయింది. తెర మీద పచ్చని గీత పాకుతూ ఉంది. చిన్నప్పటిలా జైనూర్ దారిలో మా బాపు భుజం మీద కూర్చొని పోతున్నట్టుంది నాకు. రెండు పక్కలా మోదుగుచెట్లు ఒక్కొక్కటే వెనక్కి జరుగుతున్నాయి. ఒక్క ఆకు లేదు, అన్నీ పూలే. బాపు మాట్లాడడం లేదు, నడుస్తున్నాడు.

"చూడు ఆపా," అన్నారు భాయ్. కళ్లద్దాలు వెతుక్కునేలోపే తెర వెలిగింది. చప్పుడే లేదు. ఒకదాని వెనక ఒకటి నా పూలు. నేను ఏడుస్తుంటే భాయ్ నావైపు చూడకుండా తెరనే చూస్తూ కూర్చున్నారు. ఎవరు ఏడ్చినా ఆయన అలవాటు అదే.

పాత డిస్కులో ఉన్నవి చెరపనివ్వలేదు. "కొత్త జాకెట్ తొడిగి నాలుగు రోజులు తిరగకముందే కొలత జాకెట్ పారేస్తరా?" అన్నారు. నేను మిగులు గుడ్డతో దానికో సంచి కుట్టాను. అది చూసి ఆయనకు ముచ్చటేసింది. ఇంటికి పోయి, రోజూ వేసుకునే బూడిదరంగు కుర్తా తెచ్చి ఇచ్చారు. "పండుగకు నాకొకటి గిట్లనే కుట్టు ఆపా. తొందరల తెచ్చిన, ఉతకలే," అని సిగ్గుపడ్డారు.

ఎవరి కొలత బట్టనైనా నేను ముందు ఉతుకుతాను. పెళ్లిళ్ల పనుల్లో దీన్ని మేకుకు తగిలించి, రేపు, రేపు అనుకున్నాను. పండుగ రాకముందే ఆయన పోయారు. కుట్టకుండా కుర్తా ఉంచేసుకుందని ఆ ఇంటివాళ్లు అనుకుంటారేమోనని నాకు కునుకు లేదు. ఆయన భార్య ఉట్నూర్‌లో కూతురింటికి వెళ్లింది. మొన్న ఫోన్ చేసింది.

"ఆపా, ఆయన కుర్తా నీ దగ్గర్నే ఉన్నదా?"

"ఉన్నది చెల్లె. కుట్టలే. మాఫ్ చెయ్యి."

"గది కాదు. ఇంట్ల ఉన్నయన్ని పిల్లలు ఉతికి పంచిన్రు. నీ దగ్గరిది నువ్వు ఉతికినవా?"

"ఉతకలే."

"ఉతకకు ఆపా," అన్నది.

ఇప్పుడు అది నా మిషన్‌కు ఎదురుగా మేకుకే ఉంది. దగ్గరికి పోతే టంకం వాసన, కొంచెం అత్తరు. ఫ్యాన్ గాలికి చేతులు మెల్లగా లేచి దిగుతుంటాయి. జేబులో, ఆ పట్టీకి విప్పిన చిన్న స్క్రూ ఉన్నట్టుంది. కుర్తా ఊగినప్పుడల్లా గోడకు తగిలి సన్నగా టిక్కుమంటుంది. చేయి పెట్టి చూడలేదు. మడత కూడా పెట్టను. చేతి మీద వేసుకొని ఆమెకు తీసుకుపోతాను, వచ్చే గురువారం, పొద్దున మొదటి బస్సుకు.