పై డబ్బాల సూరత్, కింది డబ్బాల మా ఊరు

పొద్దున మా బిడ్డ పక్క గదిల కూసొని, వాళ్ల ఆఫీసుల కొత్తగ చేరిన పిల్లకు ఫోన్ల సగం హిందీ, సగం గుజరాతీ కలిపి పని నేర్పుతున్నది, నేను ఇవతల చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్న. కంప్యూటర్ ఫారంల ఒక ముక్కల నింపింది ఇంకో ముక్కకు దానంతట అది పోదు, ముందు దాన్ని పేజీ చేతికియ్యాలె, పేజీ అవతలికి అందియ్యాలె అని చెప్పి చెప్పి, ఆఖరుకు రెండు అడ్రసులను ఒక్క తాననే దాచకు, నేను గట్ల చేసే మునిగిన అన్నది. నాకు నవ్వొచ్చింది, ఎన్కనే కండ్లల్ల నీళ్లూ తిరిగినయి. నాది సంతకం కాడికే సదువు. నేను చెప్తుంటె ఇది బిడ్డనే రాస్తున్నది, నా మాట గరుకుగ ఉంటది, నున్నగ చెయ్యకు అని ముందే చెప్పిన.

బిడ్డకు కొలువు రాకముందు మేం సూరత్‌ల పర్వత్ పాటియల ఉంటుంటిమి. వరుసగ గదులు, అందరికీ ఒక్కటే నల్లా, ఒకరింట్ల పోపు ఏస్తె పక్కింట్ల తుమ్ములు. ఇది సదివే నా ఈడోళ్లకు నేను చెప్పేదేముంది, మీలో ఎందరో గసుంటి గదులల్లనే పిల్లల్ని పెంచిన్రు. మా ఆయన సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చి సాంచాల మీద బట్ట నేసేటోడు, నేను ఇంటికాడ చీరెలకు రాళ్లు అతికేదాన్ని. బిడ్డ కూడ బడి నుంచి రాంగనే చాప మీద నా పక్కకు కూసునేది, దాని వేళ్ల కొసలకు గమ్ము ఎండి పొలుసులు పొలుసులుగ లేస్తుంటె మా ఆయన చూడలేక మొకం తిప్పుకునేటోడు. ఈ చాప మీదికెల్లి బిడ్డ ఒక్కసారి లేస్తె మళ్ల దీని మీద కూసోవద్దు అనేది ఆయనకున్న ఒక్క కోరిక.

అది కంప్యూటర్ పని నేర్చుకున్నంక ఒక చిన్న ఆఫీసోళ్లు పిలిచి, ఒక ఫారం చేసి చూపియ్యి, నడిస్తె ఉంచుకుంటం, లేకుంటె లేదు అన్నరు. మాలెక్క బయటి రాష్ట్రాలకెల్లి వచ్చినోళ్లు పేర్లు రాయించుకునే ఫారమట. పైన ఇప్పుడుంటున్న అడ్రసు, కింద సొంతూరి అడ్రసు. అడ్రసు డబ్బాను ఒక్కసారి ముక్కగ చేసి పెట్టుకుంటె ఎక్కడ కావాల్నంటె అక్కడ పెట్టుకోవచ్చు, ఒక్క అచ్చు చెక్కి చీరె అంచుకూ కొంగుకూ అద్దినట్టు అని మాకు చెప్పింది. మా ఆయన మురిసిపోయి వరుసంతా చాటింపు ఏసిండు.

చేసినంక ఇంట్లనే కంప్యూటర్ ముందల ఆయననే కూసోబెట్టి నింపుమన్నది. ఆయన ఒక్క వేలితోని తడుముకుంట పైన సూరత్ అడ్రసు కొడితె, కింద మా ఊరు ఉండాల్సిన తానా సూరతే వచ్చి కూసున్నది. కిందిది తుడిస్తె పైదీ పోయింది. కింద ఊరి పేరు కొడితె పైనా ఊరే వచ్చింది. బిడ్డ అప్పుడు పొయ్యి మీది పాలు చూడవోయింది. ఏమనుకున్నడో ఏమో, ఆయన సూరత్‌నూ ఊరినీ ఒక్క డబ్బాలనే ఇరికిచ్చి, మంచిగున్నది బిడ్డా అన్నడు.

అది నమ్మి ఆఫీసుకు తీస్కపోయింది. అక్కడ వాళ్లు నింపంగనే బాగోతం బయటపడ్డది. సోమారం దాక గడువు, సరిజెయ్యకుంటె రానక్కరలేదు అన్నరట. ఇంటికొచ్చి బువ్వ ముట్టలే, తండ్రి మీద లేచింది.

“గట్ల అయితున్నదని చెప్పొద్దా బాపూ?”

“నీది తప్పయితదా బిడ్డా, నా వేలే తప్పనుకున్న.”

ఆ మాటకు అది గోడ దిక్కు తిరిగి కూసున్నది. ఆ రాళ్ల డబ్బా, గమ్ము గొట్టం ఆ మూలకే ఉండె. నేను మెల్లగ జరిపి దాని కంట్ల పడకుంట కొంగు కప్పిన.

ఐతారం నాడు మా ఇద్దరినీ చెరొక దిక్కు కూసోబెట్టింది. బాపూ, నువ్వు పై డబ్బవు, అమ్మా, నువ్వు కింది డబ్బవు, నేను పేజీని, ఎవలను అడిగితె వాళ్లే చెప్పాలె అన్నది. ఎక్కడుంటున్నరు అని ఆయనను అడిగితె, కార్ఖానా ఎనుక గది అని నేను చెప్పిన. సొంతూరు ఏది అని నన్ను అడిగితె ఆయన చెప్పిండు. మళ్ల అడిగినా గంతే. ఏం జేస్తం, గన్నేండ్ల నుంచి ఒకరి మాట ఒకరం చెప్పుకుంటనే బతికినం. పక్క గది వదిన గడపల నిలవడి చూసుకుంట చూసుకుంట పడీ పడీ నవ్వింది.

“ఓ పిల్లా, వాళ్లను విడదీస్తె నీ ఫారం అయితదేమో గని, వాళ్ల సంసారం ఆగమైతది!”

బిడ్డ కూడ నవ్వింది, నవ్వుకుంట నవ్వుకుంటనే గమ్మున ఆగిపోయి కంప్యూటర్ ముందలికి ఉరికింది. రెండు ముక్కలూ నింపినదాన్ని ఒక్క తాననే దాచుకుంటున్నయట. ముక్క కాడ ఏం దాచద్దు, పేజీ కాడ రెండు జాగలు ఏరుగ పెట్టి, ఏది ఎవలదో వాళ్లకే ఇయ్యాలె, వాళ్లు కొట్టింది మళ్ల పేజీకే ఒప్పజెప్పాలె అని తనకు తనే చెప్పుకుంట పొద్దుగూకెదాక కొట్టింది. అప్పుడు ఆయన మళ్ల కూసొని పైన సూరత్ అని కొడితె కింది డబ్బా ఖాళీగనే ఉన్నది. అండ్ల మా ఊరి పేరు ఒక్కొక్క అక్షరం ఎతుక్కుంట కొట్టిండు, పైన సూరత్ కదలలే.

సోమారం బిడ్డ ఆఫీసు నుంచి ఇంటికి రాకుంట సీదా కార్ఖానాకే పోయిందట. సాంచాల చప్పుడుల మాట ఇనవడది కదా, దర్వాజ కాడ నిలవడి తల ఊపిందట. దారం తెగితె తప్ప సాంచ ఆపని మనిషి, మంచిగ నడుస్తున్నదాన్ని ఆపి బయటికొచ్చిండట. శేటు ఎందుకాపినవ్ అని అరిస్తె, మా బిడ్డ వచ్చింది అని గదే జవాబు చెప్పిండట.

ఆ కొలువు నిలవడ్డది, దాంతోనే సూరత్‌లనే ఈ అల్థాన్ల ఫ్లాటుకు వచ్చినం. చాప మీది పని పోయింది, ఆయన కోరింది అయ్యింది. కాలం చేసే ముందు ఈ ఇంట్ల ఆయన ఒక్క వానకాలమే ఉన్నడు. బాల్కనీల కూసొని, ఇక్కడ ఎవలింట్ల ఏం కూరనో వాసనే రాదేందే అనేటోడు. మంచిగ చేసిన ముక్కకు పక్క ముక్క లోపల ఏమున్నదో తెల్వద్దు, తెలిస్తె పని చెడుతది అంటది మా బిడ్డ. ఫారంకు అది నిజమే, నేను కాదన. ఇక్కడ తలుపులు కూడ గట్లనే ఉన్నయి. పర్వత్ పాటియల నాకు జరమొస్తె నేను చెప్పకముందే వదిన చారు పట్టుకొచ్చేది. ఇక్కడ ఎదురింటామె ఇంట్ల ఉన్నదా లేదా అని గడప ముందటి చెప్పులు చూసి తెలుసుకుంట.

నిన్న లిఫ్టుల ఆమెనే పలకరించింది. మీది ఏ ఊరు అని అడిగింది. ఊళ్లె ఇప్పుడు మావోళ్లు ఎవలూ లేరు, ఇక్కడ చూస్తె ఆయన లేడు. ఏం చెప్పాల్నో నేను ఇంకా ఆలోచిస్తనే ఉన్న, తలుపు తెరుసుకున్నది, ఆమె దిగిపోయింది.